ఊలా భుజం మీది కొండ

పడవలో ఇద్దరుంటే సరస్సు రెండు సగాలవుతుంది. వెనక అమరం మీద కూర్చుని వల చూసుకునే మనిషి ముఖం ముందుకు ఉంటుంది, అతనికి కనబడేది చేరబోయే చోటు. నడిమి పలక మీద కూర్చుని తెడ్లు వేసే మనిషి ముఖం వెనక్కి ఉంటుంది, ఆ మనిషికి కనబడేది వదిలివచ్చిన చోటు. ఉత్తర ధ్రువానికి దగ్గరగా ఉన్న ఇనారి సరస్సు మీద వల మగవాడిది, తెడ్లు ఆడదానివి. ఎవరో శాసనం చేసి పెట్టింది కాదు, తాతల నాటి నుంచీ అలాగే కూర్చున్నారు, అంతే. దానివల్ల జరిగిందేమిటంటే ఆ నీళ్ళలో సగమే మగవాళ్ళకు తెలుసు, మిగతా సగం ఆడవాళ్ళకు తెలుసు. మగవాళ్ళ సగానికి పేర్లున్నాయి, దాని కోసం తగాదాలున్నాయి, తండ్రి కొడుక్కి అప్పగించే పద్ధతి ఉంది. ఆడవాళ్ళ సగం గురించి ఎవరూ అడగలేదు. లోకంలో ఉన్న యాత్రా గ్రంథాలు తిరగేసి చూడండి, అన్నీ పడవ ముక్కు దగ్గర నిలబడ్డవాళ్ళు రాసినవే. తెడ్డు వేసినవాళ్ళు రాసిన పుస్తకం ఒక్కటి దొరకదు.

సోహ్వి కూవాను కూడా ముప్ఫై నాలుగేళ్ళు వచ్చేదాకా ఎవరూ ఏమీ అడగలేదు.

ఆమెకు పన్నెండో ఏట తల్లి పోయింది. పోయిన వారానికే తండ్రి సామ్మల్ తల్లి కూర్చునే పలక మీద గొర్రెతోలు పరిచి, తెడ్లు రెండూ ఆమె చేతికిచ్చాడు. తర్వాత యుద్ధం వచ్చింది. ఇళ్ళు తగలబడ్డాయి. దక్షిణాదికి తరిమిన జనం ఏడాది తర్వాత తిరిగొచ్చి చూసుకుంటే కూవా వాళ్ళ తీరంలో నిలబడి ఉన్నది పొయ్యి ఒక్కటే. కొత్త ఇంటికి దూలాలు మోస్తుండగా సామ్మల్ తుంటి విరిగింది. అప్పటి నుంచి అమరం మీదికి సోహ్వి అన్న ఊలా వచ్చాడు. చెల్లెలు నడిమి పలక మీదే ఉండిపోయింది. మధ్యలో ఒక సంబంధం రాకపోలేదు. వచ్చినవాడు మంచివాడే, రెయిన్‌డీర్లు ఉన్నవాడు. "మరి తెడ్లెవరేస్తారు?" అని సోహ్వి అడిగింది. అతను కాఫీ తాగి వెళ్ళిపోయాడు.

ఆ నీళ్ళలో ఒక్కో చేపది ఒక్కో బుద్ధి. తెల్లచేప రోజూ తినే తిండి. ఇసుక మేటల మీద గుంపులుగా తిరుగుతుంది, ఎప్పుడంటే అప్పుడు పడుతుంది, అందుకే దాన్నెవరూ మెచ్చుకోరు. వీపు మీద జెండాలాంటి రెక్క ఎత్తుకుని తిరిగే జెండాచేప ఏటి మూతుల దగ్గర ఉంటుంది. మొసలిమూతి గడ్డిలో పొంచి ఉండే దొంగ, వల చింపడంలో దాన్ని మించింది లేదు. మచ్చలచేప ఒంటరి, ఊరి పెద్దమనిషిలా తన దారిన తాను పోతుంది. దవడ కింద ఒక్క వెంట్రుక వేలాడే గడ్డంచేప నడిచలికాలంలో, మంచు కింద చీకట్లో గుడ్లు పెడుతుంది. దాని కాలేయం పులుసు తాగితే ముసలివాళ్ళ కళ్ళకు చూపొస్తుందంటారు. వీటన్నిటికీ పైన ఎర్రపొట్ట. నడి సరస్సులో నలభై నిలువుల లోతున బతికే చేప అది. ఏడాదిలో మూడు వారాలు మాత్రం, ఆకు రాలే కాలంలో, నీటి అడుగున దాగిన రాతి గుట్టల మీదికి గుడ్లు పెట్టడానికి వస్తుంది. ఆ గుట్టలు పైకి కనబడవు. ఎక్కడున్నాయో తెలిసిన ఇంటికే తెలుసు.

కూవా వాళ్ళకు అలాంటి గుట్ట ఒకటి ఉంది. దాని మీద వల వేసేవాళ్ళు పైన తేలే గుర్తు బెండు కట్టరు, కడితే దారినపోయే ప్రతివాడికీ తెలిసిపోతుంది. వల మొత్తం అడుగునే పడుకుంటుంది. మళ్ళీ వచ్చి, ఒడ్డున ఉన్న గుర్తులు ఒకదాని మీదికొకటి వచ్చేలా పడవ నిలిపి, తాడుకు కట్టిన ఇనుప కొక్కెం దించి వలను పైకి తీస్తారు. గుర్తులు తండ్రి కొడుక్కి చెబుతాడు, అదీ నీళ్ళ మీదే. ఒడ్డున చెబితే గాలి మోసుకుపోతుంది, అందుకే చెప్పకూడదని ఒట్టు. వేరే ఇంటి పడవ ఆ దారిన పోతూ, గుట్ట మీద ఎవరైనా వల తీస్తుండగా చూస్తే, తల పక్కకు తిప్పుకుంటుంది. పొరుగున ఉండే హెయిక్కి పాదర్ అయితే పడవ ఆపి వీపు తిప్పుకుని కూర్చుని, పని అయ్యేదాకా చుట్ట కాల్చుకునేవాడు. దొంగతనానికి ఉరి వేసిన రాజులున్నారు గానీ చూపు దొంగతనానికి ఇంత కట్టుబాటు పెట్టిన రాజ్యం ఎక్కడా కనబడదు.

ఇంకొక కట్టు ఉంది. వేసిన వల మంచు పట్టే లోపు తీసెయ్యాలి. మరిచిపోయిన వలలో చేప పడుతుంది, కుళ్ళుతుంది, కుళ్ళినదాన్ని తినవచ్చి మరొకటి పడుతుంది, చలికాలమంతా అదే. మంచు కింద వల వదిలిన ఇంటికి సరస్సు ఒక తరం పాటు తలుపు వేసేస్తుందని అందరికీ నమ్మకం.

సోహ్వికి ముప్ఫై నాలుగేళ్ళు వచ్చిన ఏడు వేసవి చివర ఊలా పడవ మోటారు తెచ్చాడు. ఆకుపచ్చ రంగుది. దాన్ని పడవ వెనక బిగించి, పసిపిల్ల నెత్తి నిమిరినట్టు నిమిరాడు.

"ఇది కూడు పెట్టమనదు, చలేస్తోందని సణగదు," అన్నాడు.

"పెళ్ళి కూడా దాన్నే చేసుకో అన్నయ్యా. నూనె తాగి కంపు కొడుతుంది, నీకు సరిజోడు," అంది సోహ్వి.

"ఏడవకే. పద్నాలుగేళ్ళు తెడ్లేశావు, ఇక కూర్చుని తిను."

"ఏరు దాటాక తెప్ప తగలేసే రకం నువ్వు."

"తగలెయ్యట్లేదు కదే. తెడ్లు పడవలోనే ఉంటాయి. నువ్వే ఒడ్డున ఉంటావు."

అని నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఆ తర్వాత ఆరు వారాలూ అతను రేవుకు వచ్చే వేళకు ఆమె ఏదో పని పెట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయేది. చెరువు మీద అలిగినవాడి సామెత మనకు తెలిసిందే, ముఖం కడుక్కోక నష్టపోయింది చెరువు కాదు. అయితే అలక మాట అలా ఉంచి, ఆమె అడగవలసిన ప్రశ్న ఒకటి అడగకుండా మిగిలిపోయింది. వల పైకి లాగుతున్నప్పుడు గాలికి పడవ వల మీదికి కొట్టుకుపోకుండా తెడ్లతో ఎవరు పట్టుకుంటారు? మోటారు తోస్తుంది గానీ ఒక్కచోట పట్టి ఉంచడం దానికి చేతకాదు.

అక్టోబరు నడిమి మంగళవారం పొద్దున్న ఊలా ఎర్రపొట్ట వల తియ్యడానికి ఒక్కడే వెళ్ళాడు. సాయంత్రానికి రాలేదు. మర్నాడు పాదర్ వాళ్ళకు ఉత్తరాన ఒక దీవి రాళ్ళ మీద ఖాళీ పడవ దొరికింది. మోటారు రెక్కలకు రెండు బారల వల చుట్టుకుని తెగి ఉంది. ఆ ముక్క పై అంచుకున్న చిన్న బెండు మీద ఊలా గుర్తు ఉంది. రెండు గీతలు, వాటి మీద ఒక కోత. ఇక జరిగింది ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేకపోయింది.

ఒడ్డు దగ్గరి తెల్లచేప వలలన్నీ రెండు రోజుల్లో తీసేశారు. వాటిలో అతను లేడు. మిగిలింది గుట్ట మీది వల. అంటే మనిషి అక్కడే ఉన్నాడు.

సామ్మల్ ఆ రోజు తన ఒట్టు తాను తీసి గట్టున పెట్టాడు. హెయిక్కిని పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, తల దించుకుని, ఒడ్డునే, నాలుగు గోడల మధ్యే గుర్తులు చెప్పాడు. చీలిన దేవదారు చెట్టు కొండ గండిలోకి రావాలి. గ్రద్ద దీవి కొన నుంచి తెల్లరాయి బయటపడాలి. ఆ రెండూ ఒకేసారి కుదిరిన చోట గుట్ట. హెయిక్కి విన్నాడు. విని కాసేపు తన చేతులు చూసుకున్నాడు.

"సామ్మల్ అన్నా, ఆ చెట్టు యుద్ధంలో కాలిపోయింది కదా."

"తెల్లరాయి ఉందిగా."

"కింద ఆనకట్ట కట్టాక నీళ్ళు పెరిగాయి. అది మునిగిపోయి పదేళ్ళు దాటింది."

ముసలాయన పదిహేనేళ్ళుగా నడి సరస్సు మొహం చూడలేదు. ఊలా తన కోసం కొత్త గుర్తులు వెతుక్కున్నాడు. తండ్రికి చెప్పలేదు. దాచాలని కాదు. గుర్తులు నీళ్ళ మీదే చెప్పాలి, తండ్రేమో పడవ ఎక్కలేడు. ఎక్కిన రోజున చెబుదామనుకున్నాడు. ఆ ఇంట్లో తండ్రీ కొడుకులు ప్రతిరోజూ ఒకే బల్ల దగ్గర కాఫీ తాగారు, ఒక్క మాటతో పోయేదానికి ఇద్దరూ పద్ధతి తప్పలేదు.

చర్చి ఊరి నుంచి కొక్కేలతో వచ్చినవాళ్ళు రెండు రోజులు దేవులాడి వెళ్ళిపోయారు. హెయిక్కి, అతని కొడుకులు ఇంకో మూడు రోజులు చూశారు. అంత నీటిలో ఒక వల కోసం వెతకడమంటే గడ్డివాములో సూది కాదు, గడ్డివామే ఎక్కడుందో తెలియకపోవడం. ఈలోగా ఒడ్డు వంపుల్లో పొద్దున్నే పలకలు పలకలుగా మంచు కడుతోంది. ఇంకో వారం, కాకపోతే పది రోజులు. ఆ తర్వాత జూన్ దాకా మనిషీ వలా కూడా కిందే.

పదకొండో రోజు పొద్దున్న సోహ్వి తండ్రికి కాఫీ పోసి ఎదురుగా కూర్చుంది. సామ్మల్ కిటికీకి వీపు పెట్టి, పళ్ళెంలో ఒలికించుకున్న కాఫీ ఊదుకుంటున్నాడు. కిటికీలోంచి పెరటి కట్టెల మోపు అతని ఎడమ భుజం మీద కూర్చున్నట్టు కనబడింది. అతను వంగాడు, మోపు జారింది. లేచాడు, మళ్ళీ ఎక్కి కూర్చుంది. సోహ్వి చేతిలో ఉన్న బార్లీ రొట్టె బల్ల మీద పెట్టేసింది.

"నాన్నా, ఆ చోటు నాకు తెలుసు."

"ఏ చోటు?"

"గుట్ట."

"నీకెలా తెలుస్తుందే? నువ్వెప్పుడూ అటు చూడలేదు."

"అటు చూడలేదు. ఇటు చూశాను."

సామ్మల్‌కు అర్థం కాలేదు. ఆమెకు కూడా మాటల్లో పెట్టడం కష్టంగానే ఉంది. ఊలా ఎప్పుడూ గుర్తులు చెప్పలేదు, ఆమె అడగలేదు. కానీ గుట్ట వచ్చినప్పుడల్లా అతను "ఆపు" అనేవాడు. ఆమె తెడ్లు ఎత్తేది. ఎత్తిన ప్రతిసారీ ఆమె కళ్ళ ముందున్నది ఒకటే బొమ్మ. ఎలుగువీపు దీవి తోక వెనక వాళ్ళ ఇంటి పొగగొట్టం సగం దాక్కుని ఉండేది. జంటకొండల్లో చిన్నది ఊలా ఎడమ భుజం మీద, అతని చెవికి తగిలీ తగలకుండా, పిల్లి కూర్చున్నట్టు కూర్చునేది. పద్నాలుగు శరత్కాలాలు. చూడాలని చూసింది కాదు. చూపు పెట్టుకోవడానికి మరో చోటు లేక చూసింది.

"అన్నయ్య కూర్చున్న చోట ఎవరైనా కూర్చోవాలి నాన్నా. భుజం లేకపోతే కొండ ఎక్కడ ఆగాలో నాకు తెలీదు."

"హెయిక్కిని కూర్చోబెట్టుకో."

"బాబాయ్ భుజం అన్నయ్య మోచేతి దగ్గరికొస్తుంది. ఆయన మీద కొండ కూర్చుంటే ఆయన కనబడడు."

ఆ ఇంట్లో పదకొండు రోజుల తర్వాత మొదటిసారి ఎవరి మూతో కాస్త కదిలింది. వెంటనే సర్దుకుంది. ముసలాయన పళ్ళెం కింద పెట్టాడు. ఊలా పొడవు ఎవరి నుంచి వచ్చిందో ఇద్దరికీ తెలుసు.

"కూవా వాళ్ళ గుట్ట మీదికి ఆడపిల్ల దారి చూపించడం మా తాత వింటే..."

"తాత వినడు నాన్నా. వారం పోతే అన్నయ్య కూడా దొరకడు."

ముసలాయన తుంటి మీద చెయ్యేసి చూసుకున్నాడు.

"నన్ను మొయ్యగలరా?" అన్నాడు సామ్మల్.

రెయిన్‌డీర్లు ఈడ్చే, పడవ ఆకారపు బండిలో అతన్ని పడుకోబెట్టి, సోహ్వి ముందు నుంచి లాగితే, హెయిక్కి వెనక నుంచి ఆపుతూ రేవుకు దింపారు. మోటారు విప్పి ఒడ్డున పెట్టారు. రేవు అంచున చిటికెన వేలు మందాన మంచు. సోహ్వి తెడ్డుతో దాన్ని పగలగొట్టింది. హెయిక్కి తన పడవ కూడా నీటిలోకి తోశాడు.

"నేను ఎలుగువీపు దీవి ఇవతలే ఉంటాను అన్నా. వీపు తిప్పుకునే కూర్చుంటాను. పని పడితే కేకెయ్యండి."

"మా అన్నయ్యను వెతకడానికొచ్చి కూడా వీపేనా బాబాయ్?" అంది సోహ్వి.

"అలవాటు తల్లీ. నా మెడ అటు తిరగదు."

రెండు గంటల దారి. గాలి పెద్దగా లేదు. ఆకాశం, నీళ్ళు ఒకే బూడిద రంగు. కొడుకు చోటులో కూర్చుని సామ్మల్ ముందుకు చూస్తున్నాడు, పదిహేనేళ్ళ కిందట విడిచిన సరస్సును గుర్తుపట్టడానికి. ఆ ముఖంలో ఒక్కో దీవీ వస్తూండగా వెలుగు, అది కాదని తేలగానే చీకటి, రెండూ సోహ్వికి కనబడుతున్నాయి. కూతురు తండ్రి ముఖాన్ని అంతసేపు ఎదురుగా చూసి పదిహేనేళ్ళయింది.

ఎలుగువీపు దీవి దాటాక ఆమె వదిలివచ్చిన ఒడ్డు మీద చూపు పెట్టింది. పొగగొట్టం ఇంకా మొత్తం కనబడుతోంది. మరో యాభై తెడ్లు. దీవి తోక దాని మీదికి జరిగింది. సగం మింగింది.

"నాన్నా, నిటారుగా కూర్చో."

"కూర్చునే ఉన్నాను."

"ఇంకా. అన్నయ్య కూర్చున్నట్టు."

తుంటి నొప్పికి పళ్ళు బిగించి ముసలాయన వెన్ను ఎత్తాడు. ఆ ఎత్తులో అతను ఎన్నేళ్ళుగానో లేడు. చిన్నకొండ అతని చేతి మీద ఉంది. సోహ్వి కుడి తెడ్డు ఆపి ఎడమది మూడుసార్లు వేసింది. కొండ మోచేతి నుంచి పైకి జరిగింది. నెమ్మదిగా భుజం ఎక్కింది. చెవి దగ్గరకు వచ్చింది.

తెడ్లు ఎత్తింది. నీటి చుక్కలు టప్ టప్‌మని పడ్డాయి.

"ఎందుకాపావు?"

"ఇక్కడే 'ఆపు' అనేవాడు."

సామ్మల్ ముందుకు చూశాడు. అటు చెట్టు లేదు, రాయి లేదు. ఎక్కడా ఏమీ లేని బూడిద నీరు.

"ఇక్కడేం లేదే."

"నీ వైపు ఏం లేదు నాన్నా. నా వైపు అన్నీ ఉన్నాయి."

అతను కొక్కెం దించాడు. ఆమె మెల్లగా వెనక్కి తెడ్డేస్తుంటే తాడు నీటిలోకి జారుతూ పోయింది, తొమ్మిది నిలువుల దగ్గర అడుగు తగిలింది. నలభై నిలువుల నీటి మధ్య తొమ్మిది నిలువులు. తండ్రి కళ్ళు కూతురి కళ్ళను వెతికాయి. గుట్ట ఉంది. మొదటిసారి కొక్కేనికి నాచు వచ్చింది. గాలి పడవను కాస్త తోసింది, కొండ భుజం దిగింది. సోహ్వి దాన్ని మళ్ళీ ఎక్కించింది. రెండోసారి తాడు బిగుసుకుంది.

వల బరువుగా వచ్చింది. సామ్మల్ చేతితొడుగులు తీసి పడవలో పారేశాడు. తడి వలను తొడుగులతో ఎవరూ పట్టుకోరు, వేళ్ళకు కళ్ళుండాలి. మొదట ఎర్రపొట్టలు వచ్చాయి. కొన్ని చచ్చి పాలిపోయాయి, పొట్టల మీద ఎరుపు కడిగేసినట్టుంది. కొన్ని ప్రాణంతో ఉన్నాయి, నిప్పు ముక్కల్లా. ఒక మచ్చలచేప. ఒక ముసలి గడ్డంచేప. ముసలాయన ఒక్కొక్కదాన్నీ వల కన్నుల్లోంచి విడదీసి నీటిలోకే వదిలాడు. ఒక్కటీ పడవలోకి రాలేదు. బతికినవి పోయాయి, చచ్చినవి తిరగబడి తెల్లగా దూరంగా తేలుతూ పోయాయి.

అతని చేతులు ఆగాయి.

"సోహ్వీ."

"ఊఁ."

"తెడ్లు వదలకు. ఇటు చూడకు."

"నేను కూర్చున్నదే ఇటు కదా నాన్నా. ఇంకెటు చూడను?"

ఊలా మణికట్టు చుట్టూ వల మూడు మెలికలు పడి ఉంది, కోటు గుండీకి ఇంకొకటి. అక్కడి నీళ్ళు మనిషిని చెడనివ్వవు. ఏదో లెక్క తప్పినవాడిలా నుదురు ముడిచి ఉన్నాడు. సామ్మల్ ఒక చేత్తో వల పట్టుకుని, రెండో చేత్తో కొడుకు ముఖం మీది జుట్టు పక్కకు తీశాడు.

"జుట్టు కత్తిరించుకోరా అని చెప్పాను," అన్నాడు. "ఎన్నిసార్లు చెప్పాను."

సోహ్వి తెడ్లు వదలలేదు. గాలి కొంచెం పెరిగింది. వల మీదికి పడవ పోకుండా, వల నుంచి దూరం కాకుండా, ముందుకొక తెడ్డు వెనక్కొక తెడ్డు, కొండను తండ్రి భుజం మీద నిలబెట్టి ఉంచింది. ఆమె ఏడ్చిందో లేదో సామ్మల్ చూడలేదు. చూసినా చెప్పేవాడు కాదు.

ఇద్దరి వల్లా పైకి ఎత్తడం కాలేదు. హెయిక్కిని కేకేశారు. అతను వచ్చాడు, తెడ్లు వేస్తూ, వాళ్ళకు వీపు పెట్టి. ఒంటరిగా తెడ్డేసే ఎవడైనా అలాగే వస్తాడు. కానీ అతను ఒక్కసారి కూడా భుజం మీదుగా వెనక్కి చూడకుండా వచ్చాడు, ఒడ్ల వైపు కూడా చూపు పోకుండా తన కాళ్ళ మధ్య పడవ అడుగు చూసుకుంటూ.

"ఇంకెంత దూరం తల్లీ?"

"ఆరు తెడ్లు బాబాయ్."

"ఇప్పుడో?"

"రెండు. చాలు. ఇక తిరుగు."

తిరిగి టోపీ తీశాడు. ముగ్గురూ కలిసి ఊలాను అతని పడవలోకి చేర్చారు. తర్వాత వల మిగతా సగమూ కొస దాకా తీశారు, ఒక్క కన్ను కూడా గుట్ట మీద ఉండిపోకుండా. వెళ్ళబోయే ముందు హెయిక్కి సామ్మల్‌తో అన్నాడు:

"మనిషిని చూశాను అన్నా. చోటు చూడలేదు."

"తెలుసురా," అన్నాడు సామ్మల్.

మర్నాడే ఊలాను పూడ్చడానికి చర్చి ఊరికి తీసుకెళ్ళారు. తిరిగి వచ్చేటప్పుడు ఒడ్డు వంపు మూతి దగ్గర మంచు పగలగొట్టుకుంటూ రావలసి వచ్చింది. నాలుగో రోజు ఆ వంపు మంచుతో మూసుకుంది. నవంబరు రెండో వారంలో, గాలి లేని ఒక పగలు, నడి సరస్సు కూడా గట్టిపడింది. మూలిగినట్టు చప్పుడు చేస్తూ గట్టిపడుతుంది అది. సోహ్వి ఒడ్డున నిలబడి విన్నది. కింద వాళ్ళది ఏమీ లేదు.

ఆ చలికాలం ఆ ఇంట్లో గడ్డంచేప వండలేదు, అది ఊలాతో పాటు వలలో వచ్చిన చేప. మోటారును సోహ్వి గోనెపట్టాలో చుట్టి కొట్టంలో పెట్టింది. అమ్మలేదు, పారెయ్యలేదు. "దాని తప్పేముంది, పాపం," అనేది ఎవరైనా అడిగితే.

సామ్మల్ చలికాలమంతా కిటికీ దగ్గర కూర్చుని దేవదారు బెరడు చెక్కాడు. వసంతంలో బెండ్లు వలకు కట్టబోతే సోహ్వికి వాటి మీద గుర్తు కనబడింది. రెండు గీతలు, మీద కోత, దాని కింద మరో చిన్న కోత. కొడుకు వంతు వచ్చినప్పుడు తండ్రి గుర్తుకు ఒక కోత కలపడం ఆ ఇళ్ళ పద్ధతి. కూతురికి గుర్తు చెక్కిన ఇల్లు ఆ తీరంలో లేదు.

"ఇదెవరిది నాన్నా?"

"కళ్ళు లేవూ? బెండ్లు తక్కువయ్యాయి, చేశాను."

"రేపు నేనింకో ఇంటికి పోతే?"

"పోతే పొయ్యిలో పెట్టు. బెరడు బాగా మండుతుంది."

మంచు విడిచాక ముసలాయన ఇంకోసారి తనను పడవ దాకా మొయ్యమన్నాడు. గుట్ట మీదికి వెళ్ళాక, కొండ భుజమెక్కి ఆమె తెడ్లు ఎత్తాక, అతను గొంతు సవరించుకుని చెప్పడం మొదలుపెట్టాడు. చీలిన దేవదారు కొండ గండిలోకి రావాలి. గ్రద్ద దీవి కొన నుంచి తెల్లరాయి బయటపడాలి. కాలిపోయిన చెట్టు, మునిగిపోయిన రాయి. రెండుసార్లు చెప్పాడు, తన తండ్రి తనకు చెప్పిన మాటల్లోనే. సోహ్వి తల తిప్పి చూడలేదు. మళ్ళీ చెప్పమంటే తడుముకోకుండా అప్పజెప్పింది.

సామ్మల్ ఆ తర్వాత నాలుగేళ్ళే బతికాడు. సోహ్వి ఇంకో ఇంటికి పోలేదు. మరో ముప్ఫై ఎనిమిదేళ్ళు చేపలు పట్టింది. ఎవరో ఒకరిని తోడు తీసుకుని, వాళ్ళను అమరం మీద కూర్చోబెట్టి తెడ్లు తానే వేసేది. "ముందుకు చూస్తూ కూర్చోవచ్చుగా అత్తా, ఈ వయసులో," అంటే, "ముందేముందో మీరు చెబుతారుగా" అనేది. నీటి అడుగును బొమ్మ కట్టి చూపించే యంత్రాలు వచ్చాయి. వాటితో ఎవరైనా ఏ గుట్టనైనా గంటలో పట్టుకోవచ్చు. డెబ్బై దాటాక చేతులు సహకరించక, హెయిక్కి పెద్దకొడుకును పిలిచి, "ఒకసారి నా పడవెక్కరా, చూపించేస్తాను. కూవా వాళ్ళలో ఇక ఎవరూ లేరు," అంది.

అతను టోపీ తీసి నెత్తి గోక్కున్నాడు.

"వద్దులే అక్కా. మా వీపులకు అలవాటైపోయింది."

ఆమె పోయి చాలా ఏళ్ళయింది. ఎలుగువీపు దీవి దాటి ఉత్తరానికి పోయే పాదర్ వాళ్ళ పడవలు ఇప్పుడన్నీ మోటారువే, నడిపేవాడి ముఖం ముందుకే ఉంటుంది. గుట్ట సరిగ్గా ఎక్కడుందో వాళ్ళకు తెలీదు. తెలీదు కాబట్టి దీవి తోక దాటిన దగ్గర నుంచి జంటకొండలు వెనకబడేదాకా, కోసెడు దూరం, మోటారు నెమ్మది చేసి, పడవ అడుగు చూసుకుంటూ పోతారు.